'కనబడలేదు' అంటే 'లేదు' అని కాదు



ఈ శీర్షికలో మనం సాధారణంగా పిల్లల పెంపకం, భార్యాభర్తల హక్కులు, బంధుమిత్రులతో వ్యవహారం వంటి విషయాలను గురించి మాట్లాడుకుంటూ ఉంటాము. ఈ నెల ఒక కాగితాన్ని గురించి మాట్లాడుకుందాం. అది రక్తపరీక్ష కాగితం. అందులోనూ హెచ్‌ఐవీ సోకినవారి రక్తపరీక్ష కాగితం.

కుటుంబ పత్రికలో ఈ ప్రస్తావన ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ఆ కాగితం కుటుంబాలలోనే ఉన్నది కనుక. దేశంలో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారి సంఖ్యలో మహారాష్ట్ర తరువాతి స్థానం మన ఆంధ్రప్రదేశ్‌దే. వారు మూడు లక్షలకు పైగా ఉన్నారు. మస్జిదులో మన భుజానికి భుజం ఆనించి నిలబడిన వ్యక్తి వారిలో ఒకరు కావచ్చు. ఆ సంగతి మనకు తెలియకపోవచ్చు. తెలియవలసిన అవసరమూ లేదు. కాని తెలిసి మన దగ్గరకు వచ్చినప్పుడు మాత్రం సరైన మాట చెప్పగలగాలి. నేను చెప్పలేకపోయాను. ఈ వ్యాసానికి కారణం అదే.

నేను చేసిన తప్పు

కొంతకాలం క్రితం ఒక రాత్రి ఇషా నమాజు తరువాత అందరూ వెళ్ళిపోయేదాకా ఆగి, ఒక సోదరుడు నా దగ్గరకు వచ్చాడు. చేతిలో మడతపెట్టిన ప్లాస్టిక్ కవరు. "హజ్రత్, ఇది ఎవరికీ చూపించలేను. మీరు చదువుకున్నవారు. ఇందులో ఏముందో చెప్పండి" అన్నాడు. (ఆయన అనుమతితోనే ఈ సంగతి రాస్తున్నాను. ఆయనను గుర్తుపట్టగల వివరాలన్నీ తొలగించాను.)

ఆయన మూడేళ్ళుగా విజయవాడలోని ఏఆర్‌టీ కేంద్రం నుండి మందులు తెచ్చుకుంటున్నాడు. మా తిరువూరు నుండి మైలవరం మీదుగా విజయవాడ వెళ్ళి రావాలంటే పనివానికి ఒక రోజు కూలి పోయినట్లే. ఆ రోజు సాయంత్రపు బస్సు తప్పిపోతుందన్న తొందరలో, కౌన్సెలర్ దగ్గర కూర్చోకుండానే కాగితం తీసుకుని వచ్చేశాడట.

కాగితం ఆంగ్లంలో ఉంది. నా చదువంతా అరబీ, ఉర్దూలలో సాగింది. ఆంగ్లం అంతంత మాత్రం. కూడబలుక్కుని చదివాను. హెచ్‌ఐవీ అని ఉన్నచోట 'టార్గెట్ నాట్ డిటెక్టెడ్' అని ఉంది. వెతికినది కనబడలేదు అని దాని అర్థం. నా సంతోషానికి హద్దు లేకపోయింది. "అల్‌హమ్దులిల్లాహ్! నీ రక్తంలో ఆ రోగం లేదట" అన్నాను. ఆయన అక్కడే సజ్దాలో పడి ఏడ్చాడు.

మూడు నెలల మందులు ఒకేసారి ఇచ్చి ఉన్నారు గనుక ఆయన మాత్రలు మానేసిన సంగతి కేంద్రంలో ఎవరికీ తెలియలేదు. రోగం పోయిందని హజ్రత్ చెప్పిన తరువాత ఇంకా మాత్రలెందుకు? మరుసటి నెల గడిచింది. ఆ పై నెలలో జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. ఈసారి పరీక్ష చేయించగా అదే చోట 86,000 అని వచ్చింది.

ఆ అంకె తెలిసిన రోజున నాకు నిద్ర పట్టలేదు. మద్రసాలలో న్యాయశాస్త్ర మూలసూత్రాలు చదివే ప్రతి విద్యార్థీ ఒక సూత్రం నేర్చుకుంటాడు: ఒక వస్తువు దొరకకపోవటం, ఆ వస్తువు లేదనటానికి రుజువు కాదు. పాతికేళ్ళుగా ఆ సూత్రాన్ని పిల్లలకు బోధిస్తున్నవాణ్ణి నేను. తీరా ఒక మనిషి ప్రాణం దాని మీద ఆధారపడిన రోజున దానినే మరచాను. 'కనబడలేదు' అన్నదానిని 'లేదు' అని చదివాను.

తరువాత ఆయనతో కలిసి నేనూ విజయవాడ వెళ్ళాను. కౌన్సెలర్ ముందు ఇద్దరం విద్యార్థులమై కూర్చున్నాము. ఆ రోజున, ఆ తరువాత డాక్టర్లను అడిగి నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. ఇది చికిత్స కాదు. మందు మార్చటం, ఆపటం, మొదలుపెట్టటం వైద్యుని పని. కాగితంలో ఉన్న మాటకు అర్థం తెలుసుకోవటం మాత్రం కాగితం గలవారి హక్కు.

నాలుగు కాగితాలు, నాలుగు ప్రశ్నలు

హెచ్‌ఐవీ సోకినవారి చేతికి వచ్చే పరీక్షలన్నీ ఒకే విషయాన్ని చెప్పవు. ఒక్కొక్కటి ఒక్కొక్క ప్రశ్నకు జవాబు. శరీరంలో వైరస్ ప్రవేశించిందా? ఇది మొదటి పరీక్ష. శరీరపు రక్షణ శక్తి ఎంత మిగిలి ఉంది? ఇది సీడీ4 పరీక్ష. ఇప్పుడు రక్తంలో వైరస్ ఎంత తిరుగుతోంది? ఇది వైరల్ లోడ్ పరీక్ష. మందులను శరీరం తట్టుకుంటోందా? హిమోగ్లోబిన్, క్రియాటినిన్, కాలేయ పరీక్షలు ఇందుకోసం. ఒక ప్రశ్నకు వచ్చిన జవాబును మరొక ప్రశ్నకు అతికించినప్పుడే పొరపాట్లన్నీ జరుగుతాయి. నేను చేసినదీ అదే.

మొదటి కాగితం: సోకిందా, లేదా?

ప్రభుత్వ ఐసీటీసీ కేంద్రాలలో చేసే ఈ పరీక్ష సాధారణంగా వైరస్‌ను వెతకదు. వైరస్‌కు వ్యతిరేకంగా మన శరీరం తయారుచేసుకున్న ప్రతిరక్షకాలను వెతుకుతుంది. 'రియాక్టివ్' అంటే అవి కనబడ్డాయి అని, 'నాన్ రియాక్టివ్' అంటే కనబడలేదు అని అర్థం. ఒక్క పరీక్షతో ఎవరికీ హెచ్‌ఐవీ ఉన్నదని నిర్ధారించరు. వేర్వేరు రకాల మూడు పరీక్షలు ఒకే ఫలితం చూపితేనే నిర్ధారిస్తారు. కనుక ఏదో ఒక ల్యాబులో ఒకసారి 'రియాక్టివ్' అని రాగానే కుప్పకూలిపోవలసిన పని లేదు. ఐసీటీసీకి వెళ్ళి నిర్ధారించుకోవాలి.

ఇక్కడ కూడా మన సూత్రం వర్తిస్తుంది. వైరస్ సోకిన తొలి వారాలలో ప్రతిరక్షకాలు ఇంకా తయారై ఉండవు. అప్పుడు పరీక్ష 'నాన్ రియాక్టివ్' అని చూపవచ్చు. అందుకే అనుమానం ఉన్నవారిని మూడు నెలల తరువాత మరొకసారి రమ్మంటారు.

ఒకసారి నిర్ధారణ అయిన తరువాత ఈ పరీక్షను మళ్ళీ మళ్ళీ చేయించుకోవటం వృథా. కొందరు ప్రతి ఏటా రహస్యంగా వేరే ఊరు వెళ్ళి, డబ్బు కట్టి, 'ఇప్పుడైనా పోయిందేమో' అని చేయించుకుంటారు. మందులు ఎంత చక్కగా పనిచేస్తున్నా ప్రతిరక్షకాలు శరీరంలో ఉండిపోతాయి గనుక అది 'రియాక్టివ్' అనే వస్తుంది. దానిని చూసి మందులు పనిచేయటం లేదని నిరాశపడేవారున్నారు. ఆ నిరాశను పసిగట్టి 'నలభై రోజులలో నెగెటివ్ చేస్తాం' అంటూ చూర్ణాలు, తాయెత్తులు అమ్మేవారూ ఉన్నారు. అటువంటివారి మాట వినకండి.

రెండవ కాగితం: సీడీ4

సీడీ4 కణాలు రక్తంలోని తెల్లకణాలలో ఒక రకం. ఊరి కాపలాదారుల వంటివి. హెచ్‌ఐవీ వీటి మీదనే దాడి చేస్తుంది. ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో ఇవి ఎన్ని ఉన్నాయో ఈ పరీక్ష లెక్కిస్తుంది. ఆరోగ్యవంతులైన పెద్దవారిలో ఈ లెక్క సుమారు 500 నుండి 1,500 వరకు ఉంటుంది. ఇక్కడ అంకె పెరగటం మంచిది.

200 కన్నా తగ్గితే వ్యాధి ముదిరిన దశగా పరిగణించి క్షయ, న్యుమోనియా, మెదడు పొరల వాపు వంటి వాటి కోసం ప్రత్యేకంగా పరీక్షిస్తారు. మన దేశంలో 350 కన్నా తక్కువ ఉన్నవారికి ఇతర వ్యాధులు రాకుండా కోట్రైమాక్సజోల్ అనే మాత్ర అదనంగా ఇస్తారు. ఆ అదనపు మాత్ర ఇచ్చారంటే రోగం చేయి దాటిందని కాదు. కాపలాదారులు బలం పుంజుకునేదాకా తలుపుకు మరొక గడియ వేసినట్లు.

ఈ అంకె గడియారం ముల్లులాగా నిలకడగా నడవదు. ఉదయానికీ సాయంత్రానికీ మారుతుంది. జ్వరం వస్తే తగ్గుతుంది. గర్భిణిలో రక్తం పలుచబడుతుంది గనుక తగ్గినట్లు కనిపిస్తుంది. నిజమైన మార్పు ఏమీ లేకపోయినా రెండు పరీక్షల నడుమ నాలుగవ వంతు తేడా రావటం వింత కాదు. నా భార్య వద్దకు వచ్చిన ఒక సోదరి తన సీడీ4 610 నుండి 480కి పడిపోయిందని, ఇక తన పిల్లలకు దిక్కెవరని విలపించింది. ఆమెకు ఆ వారమే టైఫాయిడ్ తగ్గింది. అదే కవరులో ఉన్న వైరల్ లోడ్ కాగితంలో వైరస్ కనబడనే లేదు. ఆమె ఆ రెండవ కాగితాన్ని తెరిచి కూడా చూడలేదు. ఆరు నెలల తరువాత ఆమె సీడీ4 590కి వచ్చింది. ఒక వాక్యాన్ని దాని ముందు వెనుకల నుండి విడదీసి అర్థం చెప్పవద్దని మేము విద్యార్థులకు బోధిస్తాము. ఒక్క సీడీ4 అంకెను కూడా అలా విడదీసి చదవకూడదు.

మన పెద్దవారు చాలామంది ఇప్పటికీ సీడీ4నే ముఖ్యమైన అంకెగా భావించటానికి ఒక కారణం ఉంది. 2004 ఏప్రిల్ 1 నుండి కేంద్ర ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మందులు ఇవ్వటం ప్రారంభించింది. ఆ రోజులలో మందులు ఎప్పుడు మొదలుపెట్టాలో ప్రధానంగా ఈ అంకె చెప్పేది. మొదట హద్దు 200. తరువాత 350 అయింది. ఆపై 500 అయింది. 2017 నుండి సీడీ4 ఎంత ఉన్నా సరే, నిర్ధారణ కాగానే మందులు ఇస్తున్నారు. కనుక 'నా సీడీ4 బాగానే ఉంది, మందులు తరువాత చూద్దాం' అనే మాటకు ఇప్పుడు ఆధారం లేదు. అలాగే వైరల్ లోడ్ అదుపులో ఉండి సీడీ4 350కి పైన నిలకడగా ఉన్నవారికి ఈ పరీక్షను ఇక పదే పదే చేయరు. 'నాకు సీడీ4 చేయటం మానేశారు, నన్ను వదిలేశారు' అని బాధపడవద్దు. అది మంచి వార్త.

మూడవ కాగితం: వైరల్ లోడ్

మందులు పనిచేస్తున్నాయా, లేదా అన్నది చెప్పే కాగితం ఇదే. ఒక మిల్లీలీటరు ప్లాస్మాలో వైరస్ ప్రతులు ఎన్ని ఉన్నాయో ఇది లెక్కిస్తుంది. ఇక్కడ అంకె తగ్గటం మంచిది. సీడీ4 పెరగాలి, వైరల్ లోడ్ తగ్గాలి అన్న ఈ ఒక్క వాక్యం గుర్తున్నా సగం కంగారు తగ్గుతుంది. మందులు మొదలుపెట్టిన 6 నెలలకు, 12 నెలలకు, ఆ తరువాత ఏడాదికొకసారి ఈ పరీక్ష చేస్తారు.

కాగితంలో మూడు రకాల జవాబులు ఉండవచ్చు.

మొదటిది 'టార్గెట్ నాట్ డిటెక్టెడ్'. యంత్రం వెతికింది, వైరస్ దానికి కనబడలేదు.

రెండవది ఒక చిన్న అంకె, లేదా అంకెకు ముందు 'కన్నా తక్కువ' అనే కోణపు గుర్తు. ఉదాహరణకు 40 కన్నా తక్కువ అంటే, వైరస్ జాడ ఉంది గాని లెక్కపెట్టలేనంత స్వల్పం అని. మొత్తం మీద 1,000కి లోపు ఉంటే వైరస్ అదుపులో ఉన్నట్లుగా మన దేశంలో పరిగణిస్తారు. నిరుడు కనబడక, ఈ ఏడు 60 లేదా 150 అని వచ్చినంత మాత్రాన మందులు విఫలమైనట్లు కాదు. డాక్టరుకు చూపించి, మాత్రలు వేళ తప్పకుండా కొనసాగించాలి.

మూడవది 1,000 లేదా అంతకన్నా ఎక్కువ. ఇది హెచ్చరిక. తీర్పు మాత్రం కాదు. కౌన్సెలర్ మాత్రలు ఎక్కడ తప్పుతున్నాయో కనుక్కుని, నెల నెలా దగ్గర కూర్చోబెట్టుకుని మాట్లాడతారు. మూడు నెలల తరువాత మళ్ళీ పరీక్షిస్తారు. మాత్రలు సరిగా వేసుకుంటున్నా అప్పుడు కూడా వెయ్యికి తగ్గకపోతేనే మందు మార్చే సంగతిని నిపుణుల బృందం పరిశీలిస్తుంది. కనుక కౌన్సెలర్ అడిగినప్పుడు 'ఒక్క మాత్ర కూడా తప్పలేదు' అని గౌరవం కోసం అబద్ధం చెప్పవద్దు. మరచిన మాత్రను దాచిపెడితే, పనిచేస్తున్న మందును పనిచేయదనుకుని మార్చవలసి వస్తుంది.

మరొక చిక్కు 'లాగ్' అనే చిన్న అంకె. కొన్ని కాగితాలలో పెద్ద అంకె పక్కన ఇది కూడా ఉంటుంది. లాగ్ 3 అంటే వెయ్యి. 4 అంటే పదివేలు. 5 అంటే లక్ష. అంటే ఒక మెట్టు ఎక్కితే పదింతలు. మా సోదరుని కాగితంలో 86,000 పక్కన 4.93 అని ఉంది. ఆయన ఆ చిన్న అంకెనే చూసి, "హజ్రత్, ఐదు కూడా లేవు గదా" అన్నాడు. తప్పుగా చదవటంలో మేమిద్దరం ఒకరికొకరు తీసిపోలేదు.

మరి కనబడని వైరస్ ఎక్కడుంది?

కౌన్సెలర్‌ను నేను అడిగిన మొదటి ప్రశ్న ఇదే. ఈ వైరస్ కొన్ని కణాల లోపల, ప్రధానంగా శోషరస గ్రంథులలోనూ పేగుల గోడలలోనూ, నిద్రపోతున్నట్లుగా దాగి ఉంటుంది. మందులు రక్తంలో వృద్ధి చెందే వైరస్‌ను ఆపగలవు. నిద్రపోతున్న దానిని చేరలేవు. మాత్రలు ఆపితే సాధారణంగా కొద్ది వారాలలోనే అది మేలుకుని మళ్ళీ రక్తంలోకి వస్తుంది. 'కనబడలేదు' అన్న ఫలితాన్ని తెచ్చింది మాత్రలే. ఫలితం వచ్చిందని మాత్రలు ఆపటం, వాన పడటం లేదు గదా అని గొడుగు కింద నిలబడి గొడుగు మూసివేయటం వంటిది.

అయితే ఈ 'కనబడలేదు' అన్న మాట విలువను తక్కువ చేయరాదు. అది కుటుంబాలకు ఇచ్చే ఊరట అంతా ఇంతా కాదు. 2011లో వెల్లడైన ఒక పెద్ద పరిశోధన, దంపతులలో ఒకరికి మాత్రమే హెచ్‌ఐవీ ఉన్న 1,763 జంటలను పరిశీలించింది. మన దేశంలోని చెన్నై, పూణే నగరాలు కూడా అందులో పాల్గొన్నాయి. త్వరగా మందులు మొదలుపెట్టినవారి నుండి భాగస్వామికి వైరస్ సోకటం 96 శాతం తగ్గినట్లు తేలింది. ఆ తరువాతి పరిశోధనలు దీనిని మరింత బలపరిచాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జూలైలో ఈ విషయాన్ని స్పష్టంగా ప్రకటించింది: మందులు సక్రమంగా వాడుతూ వైరల్ లోడ్ కనబడని స్థాయిలో ఉన్నవారి నుండి దాంపత్యం ద్వారా జీవిత భాగస్వామికి వైరస్ సోకే ప్రమాదం సున్నా. కనబడుతున్నా 1,000కి మించనివారి నుండి ఆ ప్రమాదం దాదాపు లేనట్లే. కలిసి భోజనం చేయటం, ఒకే పళ్ళెంలో చేయి పెట్టటం, ముసాఫహా చేయటం, ఒకే హౌజు వద్ద వుజూ చేయటం వంటి వాటి ద్వారా వైరల్ లోడ్ ఎంత ఉన్నా సరే, ఈ వైరస్ సోకనే సోకదు.

నాలుగవ కాగితం: మందులను శరీరం తట్టుకుంటోందా?

ఇప్పుడు చాలామంది రోజుకు ఒక్క మాత్ర వేసుకుంటున్నారు. అందులో టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ అనే మూడు మందులు కలిసి ఉంటాయి. టెనోఫోవిర్ కొందరిలో మూత్రపిండాలకు ఇబ్బంది కలిగించవచ్చు గనుక క్రియాటినిన్ చూస్తారు. డోలుటెగ్రావిర్ వల్ల మూత్రపిండాలకు ఏ హానీ లేకుండానే ఈ అంకె మొదటి వారాలలో కొద్దిగా పెరుగుతుంది. పెరిగిందని తెలియగానే భయపడి మాత్ర ఆపవద్దు. డాక్టరు వయస్సు, బరువు కలిపి లెక్క వేస్తారు. జిడోవుడిన్ వాడేవారికి రక్తహీనత రావచ్చు గనుక హిమోగ్లోబిన్ చూస్తారు. కాలేయం కోసం ఎస్‌జీపీటీ, బరువు, షుగర్ కూడా చూస్తుంటారు.

కామెర్ల బి పరీక్ష, అంటే హెపటైటిస్ బి పరీక్ష, ఫలితాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. టెనోఫోవిర్, లామివుడిన్ ఆ వైరస్‌ను కూడా అణచి ఉంచుతాయి. రెండూ ఉన్నవారు మాత్రలు ఆపితే కాలేయ వ్యాధి ఒక్కసారిగా విజృంభించవచ్చు.

కాగితం లేని పరీక్ష కూడా ఒకటి ఉంది. వెళ్ళిన ప్రతిసారీ దగ్గు, జ్వరం, బరువు తగ్గటం, రాత్రి చెమటలు ఉన్నాయా అని అడుగుతారు. ఇవి క్షయను పసిగట్టే నాలుగు ప్రశ్నలు. వీటికి నిజం చెప్పటం ఏ రక్తపరీక్షకూ తీసిపోదు.

తల్లి కాగితం, బిడ్డ కాగితం

హెచ్‌ఐవీ గల తల్లికి పుట్టిన శిశువు రక్తంలో తల్లి నుండి వచ్చిన ప్రతిరక్షకాలు ఉంటాయి. అందువల్ల 18 నెలలు నిండకముందు సాధారణ పరీక్ష చేస్తే, వైరస్ సోకని బిడ్డకు కూడా 'రియాక్టివ్' అని రావచ్చు. అది తల్లి అచ్చు. బిడ్డ రోగం కాదు. పసిబిడ్డలలో నేరుగా వైరస్‌నే వెతికే వేరే పరీక్ష చేస్తారు. ఆరు వారాలకు, 6 నెలలకు, 12 నెలలకు పిలిచి, 18 నెలలకు తుది నిర్ధారణ చేస్తారు. మొదటి జవాబు మంచిదని తరువాతి వాటికి వెళ్ళకపోవటం తప్పు. పాలిచ్చే కాలంలో తల్లి మాత్రలు తప్పితే ప్రమాదం మళ్ళీ మొదలవుతుంది. గర్భిణిగా ఉన్నప్పుడే తల్లి మందులు వాడి వైరల్ లోడ్ తగ్గించుకుంటే, చాలామంది పిల్లలు ఏ ముప్పూ లేకుండా పెరుగుతున్నారు.

రమజాన్‌లో

దీనిని గురించి నన్ను తరచుగా అడుగుతారు. పరీక్ష కోసం కొద్దిగా రక్తం తీయించుకున్నంత మాత్రాన రోజా భంగం కాదు. సీడీ4, వైరల్ లోడ్ పరీక్షలకు పరగడుపున ఉండవలసిన నియమం లేదు. రోజుకు ఒక్క మాత్ర వేసుకునేవారు డాక్టరును అడిగి ఇఫ్తార్ తరువాతి వేళకు దానిని నిర్ణయించుకోవచ్చు. ఒకటి గమనించాలి: క్యాల్షియం, ఐరన్ మాత్రలు, గ్యాస్ మందులు డోలుటెగ్రావిర్‌ను శరీరం గ్రహించకుండా అడ్డుపడతాయి. వాటిని ఎంత ఎడం ఇచ్చి వేసుకోవాలో తప్పక అడగండి. నీరసంగా ఉన్నవారికి, ఇతర జబ్బులు ఉన్నవారికి రోజా విషయంలో షరీఅత్ సడలింపు ఇచ్చింది. వైద్యుడు వద్దన్నప్పుడు ఆ సడలింపును స్వీకరించటం విశ్వాసలోపం కాదు.

ఆ కాగితం ఒక అమానతు

ఒకరి పరీక్ష కాగితం మన చేతికి వస్తే అది అమానతు. దానిని మరొకరికి చెప్పటం ద్రోహం. మన దేశ చట్టం కూడా ఇదే చెబుతోంది. 2017లో చేసిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో ఉంది. దాని ప్రకారం చట్టం పేర్కొన్న కొద్ది సందర్భాలలో తప్ప, ఆ వ్యక్తి సమ్మతి లేకుండా ఈ విషయాన్ని బయటపెట్టకూడదు. ఉద్యోగంలో, బడిలో, ఆసుపత్రిలో, అద్దె ఇంటి విషయంలో వివక్ష చూపకూడదు. 'ఫలానా ఇంటి అబ్బాయి సంగతి ఆరా తీసి చెప్పండి హజ్రత్' అని సంబంధాలు చూసేవారు కొందరు నా దగ్గరకు వస్తారు. ఆరా తీయటం నా పని కాదు. అయితే నికాహ్ చేసుకోబోయే వ్యక్తి స్వయంగా తన కాబోయే జీవిత భాగస్వామికి నిజం చెప్పటం తప్పనిసరి. మోసం మీద నిలిచిన నికాహ్‌లో శుభం ఉండదు. భాగస్వామికి నిజం చెప్పటం వేరు, వీధికి చాటటం వేరు. మొదటిది బాధ్యత, రెండవది పాపం.

ఇంకొక మాట. ఈ కాగితాలలో ఏ అంకె కూడా మనిషి శీలాన్ని కొలవదు. భర్త వల్ల సోకిన భార్యకూ, తల్లి వల్ల సోకిన బిడ్డకూ, మరే విధంగా సోకినవారికీ సీడీ4 ఒకే విధంగా లెక్కిస్తారు. తీర్పు దినానికి యజమాని వేరొకరు ఉన్నారు. మనకు అప్పగించిన పని రోగిని పరామర్శించటం.

వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు

ఏఆర్‌టీ కేంద్రంలో ఇచ్చే ఆకుపచ్చ పుస్తకాన్ని జాగ్రత్తగా ఉంచుకోండి. పరీక్ష జరిగిన తేదీ, సీడీ4, వైరల్ లోడ్, బరువు అందులో ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే రాయమని మర్యాదగా అడగండి. ఆ వారంలో జ్వరం ఉంటే అది కూడా చెప్పండి. బయలుదేరే ముందు మూడు ప్రశ్నలు అడగండి: ఈ అంకె పోయినసారి కన్నా మెరుగా, తగ్గుదలా? దీనివల్ల నేను చేయవలసిన మార్పు ఏమైనా ఉందా? మళ్ళీ ఏ పరీక్షకు ఎప్పుడు రావాలి? బస్సు తప్పితే మరొక బస్సు వస్తుంది. ఇంటికి వచ్చిన తరువాత సందేహం కలిగితే 1097కు ఫోన్ చేయండి. అది ఉచితం. పేరు చెప్పనవసరం లేదు. ఊరిలో ఆంగ్లం వచ్చినవారెవరో వెతికి చూపించవద్దు. నా అనుభవం మీకు చాలు.

మా సోదరుడు తిరిగి మాత్రలు మొదలుపెట్టాడు. దగ్గుకు క్షయ పరీక్ష చేశారు. క్షయ లేదని తేలింది. మూడు నెలల తరువాత వైరల్ లోడ్ కాగితం తీసుకుని మళ్ళీ ఇషా తరువాతే వచ్చాడు. ఈసారి కాగితం నా చేతికి ఇవ్వలేదు. తానే వేలు పెట్టి చూపిస్తూ చదివాడు: "కనబడలేదు అని ఉంది హజ్రత్. అంటే మాత్ర పనిచేస్తోందని. రాత్రి మాత్ర ఇంకా వేసుకోలేదు, ఇంటికి వెళ్ళి వేసుకోవాలి." అని సలాం చెప్పి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి ఉస్తాద్ ఆయనే, విద్యార్థిని నేను.

అల్లాహ్ మన రోగులందరికీ స్వస్థత ప్రసాదించుగాక! తెలియని విషయంలో తెలియదని చెప్పగల ధైర్యాన్ని నాకూ, మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.